జాతరనాటి చాకిరి

మెదకు జిల్లా పాపన్నపేట మండలంలో, ఘనపురం ఆనకట్టకు దిగువన, మంజీర ఏడు పాయలుగా చీలి మళ్ళీ ఒక్కటై సాగిపోతుంది. ఆ పాయల నడుమ రాళ్ళగుట్టల్లో వనదుర్గాభవాని వెలసింది. ఏటా మహాశివరాత్రికి అక్కడ మూడు రోజుల జాతర.

శివరాత్రి ప్రభుత్వ సెలవుదినం. అయితే ఆ సెలవు జనానికి దక్కాలంటే కొందరికి దక్కకూడదు. బస్సు నడిపేవారు నడపాలి, కరెంటు స్తంభం దగ్గర ఒకరు మేలుకొని ఉండాలి, ఏటి ఒడ్డున పోలీసులు నిలబడాలి, తెల్లవారేసరికి ఎంగిలి విస్తళ్ళు ఎత్తేవారు ఎత్తాలి. ఒకరి పండుగ మరొకరి పని. ఆ పనికి ఒక విలువ ఉందని లోకం ఎప్పుడు ఒప్పుకొన్నది? చదువరులతో ఈ సంగతి కొంత ముచ్చటించాలని ఉంది.

ముందు మాట సంగతి. ‘సెలవు’ అంటే నేడు మనకు విరామం. పాత వాడుకలో దానికి అనుజ్ఞ, ఆజ్ఞ, వ్యయం అనే అర్థాలున్నాయి. “ఏమి సెలవు?” అంటే ఏమి ఆజ్ఞ అని. “సెలవిప్పించండి” అంటే వెళ్ళడానికి అనుమతించండి అని. అంటే సెలవు పైవాడు దయతలచి ఇచ్చేది. కిందివాడు అడిగి పుచ్చుకొనేది.

దీనికి ఎదురుగా ‘వెట్టి’ అనే మాట ఉంది. సంస్కృతంలోని ‘విష్టి’ నుండి వచ్చినదని పండితులు చెబుతారు. కూలి లేని నిర్బంధపు చాకిరి అది. నిజాం పాలనలో తెలంగాణ పల్లెల్లో చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ మొదలైన వృత్తులవారు దొరల గడులకూ, పర్యటనకు వచ్చిన అధికారులకూ ఈ చాకిరి చేయవలసి వచ్చేది. పండుగలూ పెళ్ళిళ్ళూ వస్తే అది రెట్టింపయ్యేది. 1930లో ఆంధ్ర మహాసభ తొలి సమావేశం సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన జరిగిన జోగిపేట ఏడుపాయలకు దూరమేమీ కాదు. ఆ మహాసభ తరువాతి కాలంలో వెట్టిని ఎదిరించి పోరాడింది. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 23వ అధికరణంలో వెట్టిని నిషేధించింది.

ఇక చట్టంలోని ‘పబ్లిక్ హాలిడే’ పుట్టుక చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 25వ సెక్షనులో ఆ మాట కనిపిస్తుంది. హుండీ, ప్రామిసరీ నోటు వంటివాటి గడువు సెలవునాడు పడితే ఏమి చేయాలన్నదే అక్కడి ప్రశ్న. అప్పుకు విరామం దొరికింది గాని ఆ సెక్షనులో కూలివాని ప్రస్తావన లేదు.

కూలివాని సెలవు వేరే దారిన వచ్చింది. బొంబాయిలో నారాయణ మేఘాజీ లోఖండే మిల్లు కార్మికులను కూడగట్టి పోరాడగా, 1890లో మిల్లు యజమానులు ఆదివారం విరామానికి ఒప్పుకొన్నారు. ఆదివారం ఖండోబా దేవుని వారమని ఆయన వాదించాడంటారు. మన మల్లన్నకూ ఆదివారం ప్రీతి గనుక ఆ వాదం తెలంగాణవారికి సులభంగానే అర్థమవుతుంది. 1923లో సింగారవేలు చెట్టియారు మద్రాసులో మే దినం జరిపి, ఆ రోజును కార్మికుల సెలవుదినంగా ప్రకటించాలని కోరాడు.

పండుగ సెలవులపై మద్రాసు రాష్ట్రం 1958లోనే చట్టం చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పని 1974లో జరిగింది. కర్మాగారాలలోనూ ఇతర సంస్థలలోనూ పనిచేసేవారికి జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2 తేదీలతోపాటు కొన్ని పండుగలకు వేతనంతో కూడిన సెలవు ఇవ్వాలన్నది దాని సారాంశం. ఆనాడు పని చేయించుకొంటే రెట్టింపు వేతనం చెల్లించాలి. లేదా ఆనాటి వేతనంతోపాటు మరొకనాడు వేతనంతో సెలవు ఇవ్వాలి. పండుగనాడు ఎవరూ పని చేయకూడదని చట్టం అనలేదు. ఆ పనిని లెక్కలోకి తీసుకోవాలన్నది. నా దృష్టిలో వెట్టికీ ఉద్యోగానికీ మధ్య గీత అక్కడే ఉంది.

ప్రభుత్వోద్యోగులకు నియమాలు వేరు. సెలవునాటి హాజరుకు బదులుగా వారికి మరొకనాడు సెలవు లభించే పద్ధతి ఉంది. మా ఉపాధ్యాయులకైతే వేసవిలో ఎన్నికల పనో, జనాభా లెక్కల పనో పడితే ఆ మేరకు ఆర్జిత సెలవు జమ అయ్యేది. ‘ఆర్జిత’ మన్న విశేషణం నాకు చాలా ఇష్టం. సంపాదించుకొన్న సెలవు! అక్కడ అనుజ్ఞ లేదు, హక్కు ఉంది.

మరి జాతరకు మూడు రోజుల కోసం కుదిరిన పాకీపనివాడి మాటేమిటి? హాజరుపట్టీలో పేరు లేనివానికి రెట్టింపు వేతనం ఎవరు లెక్కకడతారు? బదులు సెలవు ఏ రోజున ఇస్తారు? అతనికి మిగిలిన గట్టి ఆధారం 1982లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కూలీల విషయమై జస్టిస్ భగవతి నాయకత్వంలోని ధర్మాసనం, కనీస వేతనం కన్న తక్కువ ఇచ్చి చేయించుకొనేది నిర్బంధ చాకిరియే అన్నది. అంటే 23వ అధికరణం జాతర కూలీని కూడా కాపాడుతుంది. అయితే ఆ సంగతి అతనికి చెప్పేవారు కావాలి.

‘సెలవు’కు వ్యయమనే అర్థం ఉందన్నాను గదా. ప్రతి సెలవుకూ ఒక ఖర్చు ఉంటుంది. దానిని పని చేయించుకొన్నవారు భరిస్తే అది న్యాయం. చేసినవాడే భరిస్తే, పేరు ఏదైనా, అది పాత వెట్టియే. అమ్మవారికి మొక్కు చెల్లించి వచ్చే దారిలో, చీపురు పట్టుకొన్న మనిషికి చెల్లవలసినది చెల్లిందా అని ఒక్కమారు అడిగితే ఆ మొక్కు సంపూర్ణమవుతుందని నా నమ్మకం.

స్వస్తి.