భీమవరం కొట్లో కరక్కాయ

మా హాస్టల్ పిల్లలు మలబద్ధకం అని పైకి అనరు, సిగ్గు. కడుపునొప్పి మేడమ్ అంటారు. గాంధీగారు మాత్రం తన మలబద్ధకం గురించి ఆత్మకథలోనే రాసుకున్నారు.

లైప్‌జిగ్‌లో లూయీ కూనే రాసిన ప్రకృతి వైద్య గ్రంథాన్ని డి. వెంకటచలపతి శర్మ 1894లో తెలుగులోకి తెచ్చారు. దేశంలో ప్రకృతి వైద్య ఉద్యమం ఆ తెలుగు పుస్తకంతోనే మొదలైందని చెబుతారు. దక్షిణాఫ్రికాలో గాంధీగారు కూనే తొట్టి స్నానాలు చేశారు. కొంత ఉపశమనమే కలిగింది. తరువాత అడాల్ఫ్ జస్ట్ పుస్తకం చదివి పొట్టమీద తడిమట్టి పట్టీ వేసుకున్నారు. రోగాలన్నిటికీ మూలం ఒకటేనన్న కూనే మాట మాత్రం నేను ఒప్పుకోను.

ఈ చరిత్రలో మనవాళ్ళ పేరు వినపడదు. భీమవరం పచారీ కొట్లో దొరికే త్రిఫల చూర్ణంలో కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ మూడూ అడవి కాయలే. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక అడవి మీద పెత్తనం సర్కారుది, ఏరే చెయ్యి మనది. కరక్కాయ ఎక్కువగా తోళ్ళు పదును పెట్టడానికి పోయేది. 1956లో గిరిజన సహకార సంస్థ వచ్చాకే కొనేవాడు దళారీ ఒక్కడే కాకుండా పోయాడు.

మా అమ్మాయి ఒకతె నెలల తరబడి పొడి వేసుకుంటూ, మలంలో రక్తం పడుతున్నా దాచింది. తెలిసిన రోజే డాక్టరుకు చూపించాను. ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. సెలవులకు వెళ్ళినప్పుడల్లా వాళ్ళ నాయనమ్మ చెప్పే చెట్ల పేర్లు నోటుపుస్తకంలో రాసుకొస్తోంది.