మోపిదేవి మీదుగా సాగిన నీడ: 1868 సూర్యగ్రహణం, వర్ణపట పరిశీలన

1868 ఆగస్టు 18న సంభవించిన సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ గుంటూరు, మోపిదేవి, మచిలీపట్నం ప్రాంతాలను కప్పుతూ సాగింది. గుంటూరులో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్, బ్రిటిష్ సైనికాధికారి మేజర్ టెన్నెంట్, మచిలీపట్నంలో మద్రాసు నక్షత్రశాల ఖగోళవేత్త పాగ్సన్ విడిది చేశారు. సూర్యబింబపు అంచున ఎగసే జ్వాలల కాంతిని వర్ణపటదర్శినితో విశ్లేషించడం వారి ప్రధానోద్దేశం. ఆ వర్ణపటంలో కనిపించిన ప్రకాశరేఖలు జ్వాలలు వేడెక్కిన వాయువులని రుజువు చేశాయి.

హీలియంను గుంటూరులోనే కనుగొన్నారన్న వాక్యం తెలుగు రచనల్లో తరచుగా కనిపిస్తుంది. ఈ వాక్యానికి సవరణ అవసరం. జాన్సెన్ సాధించినది ఒక పద్ధతి: గ్రహణం ముగిసిన మరునాడే, చంద్రుని అడ్డు లేకుండా, పట్టపగలు ఆ జ్వాలలను వర్ణపటదర్శినితో చూడగలిగాడు. ఇక పసుపు రేఖను నాటి పరిశీలకులు పలువురు సోడియానిదిగా భావించారు. అది సోడియం రేఖ వద్దనో, దాని సమీపంలోనో ఉన్నదని చెప్పిన పాగ్సన్ పరిశీలనలో సందేహానికి చోటున్నది. అదే ఏడు అక్టోబరు 20న ఇంగ్లండులో లాక్యర్ స్వతంత్రంగా జ్వాలల రేఖలను చూశాడు. పసుపు రేఖ సోడియానిది కాదని తేల్చి, కొత్త మూలకాన్ని ఊహించాడు. సూర్యునికి గ్రీకు పేరైన హీలియోస్ నుండి హీలియం అన్న పేరు వచ్చింది. 1895లో రామ్సే దానిని భూమిపై ఒక ఖనిజం నుండి వెలికితీశాడు.

ఆ పద్ధతి నేడు శ్వేత కుబ్జతారల చుట్టూ తిరిగే బ్రౌన్ డ్వార్ఫ్‌ల వాతావరణాన్ని చదువుతున్నది. ఇంధనం తీరిపోయి మిగిలిన తార గర్భం శ్వేత కుబ్జతార. హైడ్రోజన్ సంలీనాన్ని నిలుపుకోగల ద్రవ్యరాశి లేనిది బ్రౌన్ డ్వార్ఫ్. పరారుణ కాంతిలో మొదటిది మసకబారుతుంది గనుక రెండవదాని కాంతిని వేరుచేయడం సాధ్యమవుతుంది. డబ్ల్యుడి 0137-349 జంటలో బ్రౌన్ డ్వార్ఫ్ రెండు గంటలలోపే ఒక ప్రదక్షిణ పూర్తిచేస్తుంది. శ్వేత తార అతినీలలోహిత కాంతి సోకి దాని పగటి ముఖం కాగిపోతుంది. 2017లో వెలువడిన అధ్యయనం ఆ వాతావరణంలో హైడ్రోజన్‌తో పాటు సోడియం, హీలియంల ఉద్గార రేఖలను గుర్తించింది.

కృష్ణా తీరాన తొలుత కలగాపులగమైన ఆ రెండు మూలకాలూ ఇక్కడ విడివిడిగా కనిపిస్తాయి. రేఖను చూడడం ఒక పని, అది దేనిదో నిర్ణయించడం మరొక పని. ఈ రెంటి మధ్య దూరాన్ని గుర్తిస్తేనే స్థానిక విజ్ఞానచరిత్రలో గుంటూరుకూ, మచిలీపట్నానికీ తగిన స్థానం దక్కుతుంది.