ఫ్రాంక్లిన్ భోజనపు బల్ల

జెఫ్రీ చాసర్ 1387 ప్రాంతంలో ప్రారంభించిన 'కాంటర్బరీ కథల' యాత్రికులలో ఫ్రాంక్లిన్ ఒకడు. ఫ్రాంక్లిన్ అంటే పుట్టుకచేత ప్రభువు కాని స్వతంత్ర భూస్వామి. ఇతని తెల్లని గడ్డం, ఎర్రని ముఖం, గూళ్ళలో కౌజులు, చెరువులో చేపలు, పొద్దస్తమానం సిద్ధంగా ఉండే భోజనపు బల్ల చూచి, అతిథి మర్యాదకు ఇతడే ఆదర్శమని మురిసిపోవటం సులభం.

అయితే ఆ బల్లమీది రొట్టె ఎవరి కష్టఫలం? 1348-49 మహామారిలో ఇంగ్లండు జనాభాలో మూడోవంతుకు తక్కువగాకుండా నశించింది. పనివాళ్ళు కరువై కూలి పెరిగింది. దాన్ని పాత రేటుకే కట్టివేయాలని 1351లో శాసనం చేశారు. కాలక్రమాన దాని అమలు స్థానిక న్యాయాధికారుల, అంటే ముఖ్యంగా భూస్వాముల, చేతికి వచ్చింది. మన ఫ్రాంక్లిన్ అటువంటి న్యాయసభలకు అధ్యక్షుడు. షెరీఫుగా, పార్లమెంటు సభ్యుడుగా కూడా పనిచేశాడు. కూలిమీది ఈ కట్టడి కూడా 1381 రైతుల తిరుగుబాటుకు ఒక కారణం.

చాసర్ ఈ సంగతి పైకి అనడు. 1385 నుంచి కొన్నేళ్లు కెంటులో తానూ న్యాయాధికారే! కాని సాసులో ఘాటు తగ్గితే వంటవాడికి మూడినట్టేనని చెప్పటం మాత్రం మరవలేదు. అతిథికి కనబడే ముఖం ఒకటి, వంటవాడికి కనబడే ముఖం ఇంకొకటి. రెండూ చూపినందువల్లనే చాసర్ మహాకవి.