నాలుగురేకుల గుర్తు: పల్లెబిడ్డల సంఘముల చరిత్రము

మన సంఘ వార్షిక మహాసభా సంచికకు నొక చారిత్రక వ్యాసము వ్రాయుడని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. మన పూర్వుల ప్రశస్తి, గోత్రముల వివరములు, దానశాసనములు మొదలగునవి ఏటేట ఈ పుటలయందు వచ్చుచునే యున్నవి. వానిని వ్రాయుటకు మాకంటె సమర్థులు గలరు. మేము ఈ మారు దూరదేశపు పల్లెబిడ్డల చరిత్ర నొకదానిని విన్నవింపదలచితిమి. దీనికిని మన మహాసభకును సంబంధమేమని తొందరపడి పుట త్రిప్పవలదని పాఠకమహాశయులను ప్రార్థించుచున్నాము.

అమెరికా సంయుక్తరాష్ట్రములలో 1862వ సంవత్సరపు చట్టమువలన వ్యవసాయ విద్యాలయములు వెలసెను. అందు పండితులు నేలను, విత్తనమును, పశువులను పరిశోధించి క్రొత్త విషయములు కనుగొనిరి. కాని రైతులు వానిని పెడచెవిని బెట్టిరి. పుస్తకములు చదివినవాడు నాగలి పట్టినవానికి బుద్ధి చెప్పుటయా యని నవ్విరి. తండ్రులు వినని మాటను కొడుకుల పొలములో చూపవచ్చునను నుపాయము కొందఱు బడిపంతుళ్లకు తోచెను. ఈ యుద్యమమునకు బీజము వేసినవారు మా వృత్తివారే యని చెప్పుకొనుట మాకు గర్వకారణము.

ఒహైయో రాష్ట్రమందలి స్ప్రింగ్‌ఫీల్డు ప్రాంతమున ఏ. బి. గ్రేహాం అను పాఠశాలాధికారి యుండెను. అతడు 1902 జనవరి 15వ తేదీన సుమారు ముప్పదిమంది బాలబాలికలను అచ్చటి న్యాయస్థాన భవనపు నేలమాళిగలో సమావేశపఱచెను. పెద్ద ఉపన్యాసములు లేవు. మట్టిలో పులుపు గలదో లేదో రంగుకాగితముతో పరీక్షించుట, మంచి మొక్కజొన్న విత్తనము నేఱుట, కలుపుమొక్కలను గుర్తించుట, త్రాటికి ముడులు వేయుట, ఇవియే పాఠములు. పిల్లలు ఇండ్లకు పోయి తమ పెరళ్లలో వానిని ఆచరించి చూచిరి.

1907లో మిసిసిపీ రాష్ట్రమందలి హోమ్స్ మండలమున డబ్ల్యు. హెచ్. స్మిత్ అను మఱియొక పాఠశాలాధికారి బాలుర మొక్కజొన్న సంఘమును స్థాపించెను. రైతు పొలములోనే క్రొత్త పద్ధతిని చేసి చూపుటను 1903 నుండి ప్రచారము చేయుచున్న సీమన్ నాప్ పండితుడు దీనికి ప్రభుత్వపక్షమున చేయూత నిచ్చెను. ఒక్కొక్క బాలునకు ఒక్కొక్క యెకరము. దున్నుట మొదలు నూర్చుట వఱకు వాడే చేయవలెను, ఖర్చు వాడే వ్రాసికొనవలెను. 1910లో దక్షిణ కరొలినా రాష్ట్రపు జెర్రీ మూర్ అను బాలుడు ఒక్క యెకరమున 228 బుషెళ్లకు పైగా పండించెను. అది మన లెక్కకు సుమారు 58 క్వింటాళ్లు. ఆ వార్త దేశమంతట ప్రాకెను. తండ్రులు గట్టుమీద నిలిచి కొడుకుల చేను చూడసాగిరి.

బాలికల మాట యేమి? అదే సంవత్సరమున అదే రాష్ట్రమందలి ఏకెన్ మండలమున మేరీ క్రోమర్ అను ఉపాధ్యాయిని బాలికలచేత టమాటా తోటలు వేయించెను. ఒక్కొక్కరికి యెకరములో పదియవవంతు నేల. పండిన పండ్లను డబ్బాలలో చెడకుండ భద్రపఱచి అమ్ముటయు వారి పనియే. ఆ సొమ్ము వారిదే. తన చేతికష్టమునకు తానే లెక్క వ్రాసికొనిన ఆడుబిడ్డ ఇంటిలో మాటాడు ధోరణియే మాఱునని మేము వేఱుగ చెప్పవలసిన పనిలేదు.

1914 మే నెలలో అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ సంతకముతో స్మిత్ లీవర్ చట్టము వచ్చెను. విద్యాలయములందలి విజ్ఞానమును పల్లెలకు చేర్చు శాఖ దానివలన స్థిరపడెను. ఈ సంఘములును ఆ శాఖలో చేరి, కాలక్రమమున ఫోర్ హెచ్ క్లబ్బులని ప్రసిద్ధికెక్కెను. వాని గుర్తు నాలుగు రేకుల ఆకు. రేకునకొక హెచ్ అక్షరము: హెడ్, హార్ట్, హాండ్స్, హెల్త్. అనగా శిరస్సు, హృదయము, హస్తములు, ఆరోగ్యము. మన సంస్కృతమున హకారము రెంటికే చెల్లును గాని భావము మనకు క్రొత్తది కాదు. త్రికరణశుద్ధి యని మనవారు మనోవాక్కాయములను గూర్చి చెప్పినారు. వారు వాక్కునకు మాఱుగ చేతిని నిలిపిరి. ఈ భేదము మమ్ము చాలదినములు ఆలోచింపజేసినది.

1927లో ఒక ప్రతిజ్ఞ యేర్పడెను. బుద్ధిని, హృదయమును, చేతులను, ఆరోగ్యమును తన సంఘమునకును, తన ఊరికిని, తన దేశమునకును అర్పింతునని దాని సారము. 1973లో లోకమునకును అను మాట చేర్చిరి. చేరుపద్ధతియు సులభమే. సాధారణముగ ఎనిమిదేండ్లు నిండినవారు మొదలు పదునెనిమిదేండ్ల వఱకు సభ్యులు. ప్రతి సభ్యుడును ఒక పనిని ఎన్నుకొనును. దూడను పెంచుట, కోళ్లు, కూరతోట, కుట్టుపని, సభలో మాటాడుట, నేడు కంప్యూటరు విద్య, ఏదైనను సరియే. అధ్యక్షుని, కార్యదర్శిని, కోశాధికారిని పిల్లలే ఎన్నుకొందురు. పెద్దలు వేతనము లేక ప్రక్కన నిలిచి సలహా చెప్పుదురు. ఏడాది కడపట లెక్కపుస్తకమును, చేసిన వస్తువును ప్రదర్శనమున నుంచుదురు. పలుచోట్ల నొకరితో నొకరిని పోల్చక, నిర్ణీతమైన ప్రమాణముతో పోల్చి నీలము, ఎఱుపు, తెలుపు పట్టీల నిత్తురు. ప్రమాణము నందుకొన్న వారెందఱైనను అందఱికిని నీలపు పట్టీయే.

ఇంతవఱకు చెప్పి ముగించినచో మా వ్యాసము స్తోత్రపాఠ మగును, చరిత్రము కాదు. దక్షిణరాష్ట్రములలో ఈ సంఘములు రంగునుబట్టి రెండుగ చీలియుండెను. నల్లజాతి రైతులకు టస్కీగీ విద్యాలయము 1906లోనే బండి కట్టించి పల్లెపల్లెకు విద్య పంపెను. ఆ జాతిలో మొదటి వ్యవసాయ ప్రచారకుడు థామస్ క్యాంబెల్. అయినను వారి పిల్లలకు సంఘములు వేఱు, శిబిరములు వేఱు. 1927లో వాషింగ్టన్ నగరమున మొదలైన జాతీయ శిబిరమున వారికి చోటు లేకపోయెను. 1948లో వారికొక ప్రాంతీయ శిబిరమును విడిగ నేర్పఱచిరి. నోట ఊరికి, దేశమునకు అని ప్రతిజ్ఞ. ఊరిలో సగము మందికి తలుపు మూత. 1964వ సంవత్సరపు పౌరహక్కుల చట్టమువలన గాని ఆ గోడ కూలుట మొదలు కాలేదు. శాఖ లేకమైనప్పుడును నల్లజాతి ఉద్యోగులు పలువురు సహాయకుల స్థానములకు దిగవలసివచ్చెను.

మన దేశమునకు ఈ భావము క్రొత్తది కాదు. 1922లో రవీంద్రనాథ ఠాకూరు శ్రీనికేతనమును నెలకొల్పెను. అందులకు తోడ్పడిన లెనర్డు ఎల్మ్‌హర్‌స్టు అమెరికాలోని కోర్నెల్ విశ్వవిద్యాలయమున వ్యవసాయము చదివినవాడు. అచ్చట వ్రతీబాలకులను పేర పల్లెపిల్లల దళము లేర్పడెను. 1952 అక్టోబరు 2వ తేదీన సమాజవికాస పథకము ఆరంభమైనపుడు గ్రామయువజన సంఘములు దానిలో భాగమయ్యెను. 1972లో నెహ్రూ యువక కేంద్రములు వచ్చెను.

ఇక మా మాట. మేము ముప్పదియేండ్లకు పైగా పల్లెబడులలో సంస్కృతాంధ్రములు బోధించితిమి. పాఠము రాని పిల్లవానితో, చదువకున్నచో నాగలి పట్టవలసివచ్చునురా యని అనేకపర్యాయము లంటిమి. ఆ బెదిరింపు వినుచున్నవాడు నాగలి పట్టిన తండ్రి కొడుకని మాకు తోచలేదు. అట్లు బెదరి చదివినవారు పట్టణములకు పోయిరి. బెదరియు చదువలేనివారు తమ చేతిపనిని తామే తక్కువగ చూచుకొనుచు ఊరిలో మిగిలిరి. ఈ రెండవవారి విషయమున మేము అపరాధులము. మొన్న వేసవిలో అట్టి శిష్యు డొకడు త్రోవలో కనబడి, తన కుమారుని చూపి, వీనికైనను బెదిరింపని చదువు చెప్పించుడు మాస్టారూ యని నమస్కరించెను. మాకు బదులు తోచలేదు. ఈ వ్యాసమే ఆ బదులు.

మన సంఘనిధి కళాశాలా విద్యార్థులకు వేతనము లిచ్చుచున్నది, మంచిదే. దానిలో కొంతభాగము వెచ్చించి, మనవారు గల ప్రతి గ్రామమునను బాలబాలికల సంఘ మొకటి స్థాపింపవలెనని మా ప్రార్థన. పదిసెంట్ల నేల, ఒక లెక్కపుస్తకము, నెలకొక సమావేశము, వేతనము కోరని పెద్ద యొకడు. ఇంతకంటె నేమియు నక్కఱలేదు. అయితే ఒక్క నియమము. ఆ సంఘమున మన కులపు పిల్లలే యుండరాదు. ఊరి పిల్లలందఱును, ఏ వీధివారైనను, ఒకే వరుసలో కూర్చుండవలెను. కులసంఘపు సంచికలో ఈ మాట వ్రాయుట సాహసమని మే మెఱుగుదుము. కాని అన్యదేశీయులు అఱువదియేండ్లు తప్పు చేసి చట్టముచేత దిద్దుకొన్న దానిని, తెలిసియు మనము మొదటినుండి చేయుట యేల? మన ధనము మన పిల్లలకు మాత్రమే యనువారికి మా సమాధాన మొక్కటియే. ప్రక్కచేనికి పట్టిన తెగులు గట్టు చూచి ఆగదు.

ఈ మహాసభవారు దీనిని చర్చించి, ఒక్క గ్రామముననైన ఈ యేడే ఆరంభింతురేని, లెక్కపుస్తకములు దిద్దుపనికి మేము సిద్ధముగ నున్నాము. మా కన్నులు ఇంకను ఆ మాత్రము పనిచేయుచున్నవి.