దరఖాస్తులో ఆ రెండు ప్రశ్నలు

గ్రూప్-2 నోటిఫికేషన్ పడిందంటే మైలవరం సెంటర్లో ఇంటర్నెట్ షాపుల ముందు బైకులు బారులు తీరతాయి. చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు ఆధార్, టెన్త్ మార్కుల జాబితా, కుల ధ్రువపత్రం ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వస్తారు. షాపు అబ్బాయి గడగడా అడుగుతూ ఫారం నింపేస్తుంటాడు. పేరు, పుట్టిన తేదీ, లోకల్ జిల్లా... ఆ వరసలోనే రెండు ప్రశ్నలు వస్తాయి: దివ్యాంగులా? స్క్రైబ్ (చెబితే రాసిపెట్టే మనిషి) కావాలా? ఎదుట నిలబడ్డ మనిషిని ఓసారి చూసి, నోరు తెరిచి అడక్కుండానే ‘కాదు’, ‘వద్దు’ నొక్కి ముందుకు పోతాడు. అతని తప్పేమీ లేదు, వెనకాల క్యూ ఉంది. కానీ ఆ రెండు ప్రశ్నలు ఎవరో దయతలచి ఫారంలో చేర్చినవి కావు. వాటికోసం రోడ్ల మీద దెబ్బలు తిన్నవాళ్లున్నారు, కోర్టుల్లో ఏళ్లు గడిపినవాళ్లున్నారు.

చూపు లేనివాడు సర్కారు కొలువు చేయగలడా అన్న అనుమానం నిజానికి నూట నలభై ఏళ్ల కిందటే తీరిపోవాల్సింది. 1858లో వేటకు వెళ్లినప్పుడు కన్నతండ్రి తుపాకీ రవ్వలు తగిలి రెండు కళ్లూ పోగొట్టుకున్న హెన్రీ ఫాసెట్, 1863కల్లా కేంబ్రిడ్జిలో అర్థశాస్త్ర ఆచార్యుడయ్యాడు. 1880 నుంచి 1884లో చనిపోయేదాకా బ్రిటన్ పోస్ట్‌మాస్టర్ జనరల్‌గా దేశం మొత్తం తపాలా శాఖను నడిపాడు. అక్కడ పార్సిల్ పోస్టు మొదలైంది ఆయన హయాంలోనే. మన దగ్గర వసూలు చేసిన పన్నుల డబ్బును లండన్ ఎలా ఖర్చుపెడుతోందని పార్లమెంటులో నిలదీసినందుకు ఆయనకు ‘ఇండియా సభ్యుడు’ అని పేరు కూడా వచ్చింది. మన దేశంలోనూ అంతే. చూపులేని సాధన్ గుప్తా 1953లో కలకత్తా నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు, తర్వాత పశ్చిమ బెంగాల్ అడ్వొకేట్ జనరల్ కూడా అయ్యారు. చట్టం చేసే చోట ఎవరూ అడ్డుచెప్పలేదు. ఆ చట్టం ప్రకారం ఫైలు నడిపే చోటే తలుపు వేసేశారు. మంత్రికి కంటి పరీక్ష ఉండదు కదా, ఉద్యోగికే ఉంటుంది.

స్వాతంత్ర్యం వచ్చిన చాలా ఏళ్ల వరకూ అంధుల ఉపాధి అంటే కుర్చీలకు కేన్ అల్లడం, సంగీతం నేర్పడం, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కూర్చోవడం. 1977లో కేంద్రం మొదటిసారి వికలాంగులకు 3 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. అదీ గ్రూప్-సి, గ్రూప్-డి ఉద్యోగాలకే. గుమాస్తా వరకు సరే, ఆఫీసరు మాత్రం ఎలా అన్నది అప్పటి ధోరణి. చూపున్న ఆఫీసర్లు ఫైలు చదవకుండా సంతకం పెట్టడం మనమెరగని వింత కాదు గాని, ఆ సంగతి ఎవరికీ అడ్డు అనిపించలేదు.

అంధులే పెట్టుకున్న జాతీయ అంధుల సమాఖ్య 1970 నాటిది. ఆ సమాఖ్య పిలుపు మీద 1980 మార్చిలో ఉద్యోగాలు అడుగుతూ ఢిల్లీలో ఊరేగింపుగా వెళ్తున్న చూపులేనివాళ్ల మీద పోలీసులు లాఠీలు ఝళిపించారు. లాఠీ ఎటువైపు నుంచి వస్తుందో కనపడని మనుషుల మీద లాఠీచార్జి! ఆ తర్వాత ఆ సమాఖ్య బాట క్రమంగా వీధి నుంచి కోర్టు వైపు మళ్లింది. సమాఖ్య తరఫున వాదించిన సంతోష్ కుమార్ రుంగ్టా కూడా చూపు లేని న్యాయవాదే.

ఇక్కడ ప్రభుత్వం తన చేతులారా ఒక చిక్కు తెచ్చిపెట్టుకుంది. ఏయే ఉద్యోగాలు వికలాంగులు చేయగలరో చూడమని వేసిన కమిటీ, గ్రూప్-ఎ, గ్రూప్-బిలలో 416 రకాల పోస్టులు అనువైనవని తేల్చింది. 1986లో ప్రభుత్వం ఆ జాబితాను ఒప్పుకుంది కూడా. కానీ ఆ పోస్టుల్లో చేరాలంటే యూపీఎస్సీ పరీక్ష రాయాలి. పరీక్షేమో పెన్నుతోనే రాయాలి. బ్రెయిలీలో రాస్తామంటే ఒప్పుకోరు, పక్కన రాసే మనిషిని పెట్టుకుంటామంటే ఒప్పుకోరు. అంటే ఉద్యోగం చేయగలరని చెప్పిన ప్రభుత్వమే పరీక్ష రాయనివ్వదు. సమాఖ్య సుప్రీంకోర్టు ముందు పెట్టిన వాదన ఇంతే, ఇంత తేలికైనదే. 1993 మార్చి 23న జస్టిస్ కుల్దీప్ సింగ్ తీర్పు చెప్పారు: అనువైనవిగా గుర్తించిన పోస్టులకు చూపులేని అభ్యర్థులను సివిల్ సర్వీసెస్ పరీక్షకు అనుమతించాలి, బ్రెయిలీలోగానీ స్క్రైబ్ సాయంతోగానీ రాయనివ్వాలి. మొత్తం కథలో నాకు అన్నిటికంటే పెద్ద మలుపు ఇదే అనిపిస్తుంది. అప్పటిదాకా అడిగింది ‘నీకు చూపుందా?’ అని. ఆ రోజు నుంచి అడగాల్సింది ‘నువ్వు ఎలా రాస్తావు?’ అని అయింది.

1995 వికలాంగుల చట్టం 3 శాతం కోటాను అన్ని గ్రూపులకూ విస్తరించి, అందులో 1 శాతం అంధత్వం, తక్కువ చూపు ఉన్నవాళ్లకు కేటాయించింది. అమలు 1996 ఫిబ్రవరి నుంచి. అయితే అందులో ఒక సెక్షన్ పోస్టులు గుర్తించమంది, తర్వాతి సెక్షన్ రిజర్వేషన్ ఇవ్వమంది. అధికారులు ఆ రెంటినీ ముడివేశారు. గుర్తించడం పూర్తయ్యేదాకా రిజర్వేషన్ లేదన్నారు, గుర్తించడమేమో పూర్తి కానివ్వలేదు.

ఆ ముడి విప్పినవాడు రవిప్రకాశ్ గుప్తా. 2006 సివిల్స్ రాసి, ఇంటర్వ్యూ దాటి గెలిచాడు. అంధుల మెరిట్ జాబితాలో అతనిది 5వ స్థానం. వాళ్ల కోటాలో ఉన్నది ఒక్క పోస్టు, అది మొదటి స్థానం వాళ్లకు పోయింది. మామూలుగా అయితే మళ్లీ రాద్దామని ఊరుకుంటాం. అతను లెక్క వేశాడు: చట్టం 1996 నుంచి ఉంది, ఏటా ఇవ్వాల్సిన పోస్టులు ఇచ్చి ఉంటే బ్యాక్‌లాగ్ ఎంత? అందులో నా స్థానానికి పోస్టు రాదా? ఢిల్లీ హైకోర్టు ఔనంది. 2010 జులై 7న సుప్రీంకోర్టులో జస్టిస్ అల్తమస్ కబీర్ ధర్మాసనం దాన్నే ఖరారు చేస్తూ, పోస్టులు గుర్తించలేదన్న సాకుతో రిజర్వేషన్‌ను ఆపడం కుదరదని చెప్పింది. 2013 అక్టోబరులో జస్టిస్ సదాశివం ధర్మాసనం ఇంకో మెలిక తీసేసింది. 3 శాతం లెక్క గుర్తించిన పోస్టుల మీద కాదు, కేడర్‌లోని మొత్తం ఖాళీల మీద కట్టాలంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చాక కోటా 4 శాతమైంది, చూపు లేనివాళ్ల వాటా మాత్రం ఆ 1 శాతమే. మన రాష్ట్ర రోస్టర్‌లో, అంటే ఖాళీలు నింపే వరస పట్టికలో, ఆ వాటా 6వ పాయింటు దగ్గర పడుతుంది. శాఖలో ఆ పాయింటు వచ్చిందా, వస్తే నింపారా, లేక ముందుకు నెట్టారా అన్నది బయటివాళ్లకు తెలిసే దారి ఆర్టీఐ దరఖాస్తే.

కోర్టు కాగితాల్లో గెలిచింది మన నేల మీద ఎలా ఉందో కూడా చూడాలి. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో చూపు లేకుండా పుట్టిన బొల్లా శ్రీకాంత్ కథ సినిమాగా వచ్చాక అందరికీ తెలిసింది. పదో తరగతి తర్వాత సైన్సు చదువుతానంటే, బొమ్మలూ పటాలూ ఉంటాయి, అంధులకు కుదరదని బోర్డు అంది. అతనూ కోర్టుకే వెళ్లాడు, గెలిచాడు, ఇంటర్‌లో 98 శాతం తెచ్చుకున్నాడు. అమెరికాలో ఎంఐటీకి వెళ్లి తిరిగొచ్చి కంపెనీ పెట్టి పదిమందికి ఉద్యోగాలిచ్చాడు. ఆ గొప్పతనం సరే. నాకు పట్టేది ఇంకో సంగతి: సైన్సు గ్రూపే ఇవ్వకపోతే, సైన్సు చదివినవాళ్లకే ఉన్న ఉద్యోగాలకు అర్హత ప్రశ్నే తలెత్తదు. తలుపు పరీక్ష దగ్గర కంటే ముందే, పదహారేళ్ల వయసులోనే మూసుకుపోతుంది. ఇటు గోదావరి వైపు నుంచి, చూపు లేని కట్టా సింహాచలం మొదట ఐఆర్ఎస్‌కు ఎంపికై, మళ్లీ రాసి 2018 సివిల్స్‌లో 457వ ర్యాంకుతో ఐఏఎస్ అయ్యారు. తర్వాత రంపచోడవరం సబ్ కలెక్టర్‌గా పనిచేశారు. కొండలు, గిరిజన గూడేలు, పోలవరం నిర్వాసితుల గొడవలు ఉన్న చోటు అది. తేలిక పోస్టింగ్ అని ఎవరూ అనలేరు.

పని ఎలా చేస్తారంటారా? తెలుగుతో సహా మన భాషలన్నిటికీ ఉమ్మడిగా పనికొచ్చే భారతి బ్రెయిలీ 1951లోనే స్థిరపడింది. ఇప్పుడైతే కంప్యూటర్ తెర మీది అక్షరాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లున్నాయి. 2006లో ఆస్ట్రేలియాలో ఇద్దరు అంధ యువకులు మొదలుపెట్టిన ఎన్‌వీడీఏ అయితే పూర్తిగా ఉచితం. దానికి సులువుగా లొంగనిది ఒకటుంది: ప్రింటు తీసి, సంతకం పెట్టి, మళ్లీ స్కాన్ చేసి వెబ్‌సైట్లో పెట్టే జీవో. అది బొమ్మ కాబట్టి సాఫ్ట్‌వేర్ నేరుగా చదవలేదు. పదిమంది కోసం రాసిన జీవోను టైపు చేసిన ఫైలుగానే పెడితే పైసా ఖర్చు లేదు, అయినా పెట్టరు.

న్యాయస్థానాలు ఇంతమందికి దారి చూపినా తమ ఇంట్లోనే ఒక తలుపు మిగిలిపోయింది. మధ్యప్రదేశ్ నిబంధనలు చూపులేనివాళ్లు జడ్జి కాకూడదన్నాయి. అలాంటి ఒక అభ్యర్థి తల్లి 2024లో భారత ప్రధాన న్యాయమూర్తికి ఉత్తరం రాశారు. ఆ ఉత్తరాన్నే కోర్టు కేసుగా తీసుకుంది. 2025 మార్చి 3న జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ మహదేవన్‌ల ధర్మాసనం ఆ నిబంధనను కొట్టేసి, చూపు లేదన్న కారణంతో ఎవరినీ న్యాయసేవ నుంచి తప్పించకూడదని తేల్చింది.

ఇక మైలవరం సంగతి. కోటా వాడుకోవాలంటే కనీసం 40 శాతం వైకల్యం చూపే సదరం సర్టిఫికెట్ చేతిలో ఉండాలి. నోటిఫికేషన్ పడ్డాక స్లాట్ కోసం పరుగెత్తితే గడువు దాటుతుంది, ముందే తీసుకోండి. 2013 కేంద్ర మార్గదర్శకాలు గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇచ్చాయి. సొంతంగా తెచ్చుకునే స్క్రైబ్ చదువు అభ్యర్థి చదువు కంటే ఒక మెట్టు తక్కువ ఉండాలని 2018లో చేర్చారు. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ఏ నోటిఫికేషన్‌కు ఆ నోటిఫికేషన్ చదివించుకోవాలి. హక్కు కాగితం మీద ఉన్నా, పరీక్ష రోజు తెల్లవారుజామున బస్సెక్కి వచ్చి మూడు గంటలు ఓపికగా రాసిపెట్టే మనిషి దొరకడమే ఇప్పటికీ కష్టం. మన ఊళ్లో ఇంజినీరింగ్ కాలేజీ ఉంది, వేలమంది పిల్లలు చదువుతున్నారు. స్క్రైబ్‌లుగా రావడానికి ఇష్టమున్నవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు ఒక పుస్తకంలో రాసి ఆఫీసులో ఉంచమని ఆ కాలేజీ ప్రిన్సిపాల్‌ను అడగండి. వచ్చే నోటిఫికేషన్ లోపే అడగండి.