నీళ్ల చరిత్ర – 7: సోడాకు మైల లేదా?

భోజనం అరక్క సోడా తాగే ఆచారవంతుల కడుపులకు తెలియని కథ ఒకటి చెప్తాను.

1767లో ఇంగ్లండులోని లీడ్స్‌లో జోసెఫ్ ప్రీస్ట్లీ అనే చర్చి బోధకుడు బీరు బట్టీ పక్కన కాపురముండేవాడు. పులుస్తున్న బీరు తొట్ల మీద నిలిచే గాలిలో, నీళ్లను ఈ గిన్నెలోంచి ఆ గిన్నెలోకి మారుస్తూ పోతే వాటికి నాలుక మీద చిటపటలాడే రుచి వచ్చింది. మనం కార్బన్ డయాక్సైడ్ అంటున్నది ఆ గాలినే. ఆ నీళ్లు ఎవరైనా చేసుకునే పద్ధతిని 1772లో చిన్న పుస్తకంగా వేశాడు. సుద్ద మీద గంధకామ్లం పొయ్యాలి. పైకొచ్చే గాలిని తిత్తిలోకి పట్టి, పిసుకుతూ నీళ్ల సీసాలోకి ఎక్కించాలి. సీసాను బాగా కుదపాలి.

ఆ తిత్తి ఏంటో తెలుసా? చచ్చిన జంతువు మూత్రాశయం! నీళ్లకు ఉచ్చ రుచి వస్తోందని నూత్ అనే డాక్టరు ఫిర్యాదు చేసి, గాజుతో వేరే పరికరం తయారుచేశాడు కూడా. 1783లో జెనీవాలో ష్వెప్ సోడాను వ్యాపారంలోకి దించాడు. తిత్తి సంగతి లోకం మర్చిపోయింది.

నేను మర్చిపోలేను. తిత్తి అంటే మాదిగ పనితనం. కమ్మరి కొలిమికి గాలి కొట్టిందీ తోలుతిత్తే, మోటబావుల్లోంచి పొలాలకు నీళ్లు తోడిందీ మావాళ్లు కుట్టిన తోలుబొక్కెనే. ఆ నీళ్లతో పండిన గింజకు మైల లేదు. కుట్టిన చెయ్యి మాత్రం మంచినీళ్ల బావి తాడు పట్టుకోకూడదు.

గోలీసోడా దగ్గరికొద్దాం. 1872లో హైరం కాడ్ పేటెంటు తీసుకున్న సీసా అది. లోపలి గ్యాసే గోలీని పైకి తోసి, మెడలోని రబ్బరు రింగుకు అదిమి మూస్తుంది. బిరడా అక్కర్లేదు, సీసా మళ్లీమళ్లీ వాడుకోవచ్చు. మా ఊళ్లో చిక్కు అక్కడే వచ్చింది. వందమంది మూతులు తగిలే సీసా మాదిగోడి మూతికి తగలకూడదు కదా! మా తాతకు సోడా కొట్టి, పైనుంచి కొబ్బరిచిప్పలో పోసేవాళ్లట. ఆ చిప్ప దుకాణం చూరులో దోపి ఉండేది. తాగాక కడిగి పెట్టడం తాతే. డబ్బులు మాత్రం అందరితో సమానం. చిప్పలోకి వచ్చేసరికి సగం గ్యాసు పోయేదని నాయనమ్మ నవ్వుతూ చెప్పేది. నాకు నవ్వు రాదు.

ఇప్పుడు సోడా మా వంటింట్లోనే చేసుకుంటాం. ఒక సీసాలో వంటసోడా, అందులోకి కొద్దికొద్దిగా వెనిగర్. మూతలకు బెజ్జాలు పెట్టి, సన్నపైపుతో దాన్ని రెండో సీసాలోని ఐసునీళ్లకు కలుపుతాం. నీళ్లు ఎంత చల్లగా ఉంటే గ్యాసు అంత బాగా కరుగుతుంది. గాజుసీసా వాడకండి, ఒత్తిడికి పగలొచ్చు. కూల్‌డ్రింకు ప్లాస్టిక్ సీసాలే మేలు. కుదిపే పని మాత్రం 1772 నుంచీ తప్పలేదు, మా ఇంట్లో అది మా అమ్మాయిది. నిమ్మకాయ పిండి, చిటికెడు ఉప్పేసి, ముగ్గురం ఒకే సీసాతో తాగుతాం.

వచ్చే వారం ఐసు గురించి.

జై భీమ్.