ఒంగోలు కొండపై ఒక ఉదయము

లూకా సువార్త పదునెనిమిదవ అధ్యాయమున ఒక విధవరాలి కథ కలదు. దేవునికి భయపడని, మనుష్యులను లక్ష్యపెట్టని ఒక న్యాయాధిపతి యొద్దకు ఆమె మాటిమాటికి పోయి తన వ్యాజ్యెము తీర్చుమని వేడెను. న్యాయబుద్ధితో కాకున్నను, ఆమె పోరు పడలేక అతడు తీర్పు చెప్పెను. విసుగక ప్రార్థింపవలెనని బోధించుటకు క్రీస్తు ఈ కథ చెప్పెనని సువార్తికుడు వ్రాసినాడు. కచేరీల చుట్టు తిరిగి తిరిగి చెప్పులరిగిన పల్లెటూరి వారిని ఎరిగిన మాకు ఈ విధవరాలు పరాయి దేశపు మనిషిగా తోచదు. క్రైస్తవ జీవనమున పట్టు విడువని ప్రార్థనకు ఇంతటి స్థానమేల కలిగినదో బోధకులు చెప్పగలరు. మేము చరిత్ర చదువువారము. అందుచే ఒక్క ఉదంతమును మాత్రము శ్రోతల ముందుంచెదము. అది మన ఒంగోలులో జరిగినది.

అమెరికా బాప్తిస్టు సంఘమువారు పంపగా శామ్యూల్ డే అను బోధకుడు 1836లో మన దేశమునకు వచ్చెను. విశాఖపట్టణమునను మద్రాసునను కొంతకాలము గడపి, 1840లో నెల్లూరు చేరెను. ఏండ్లు గడచినను విశ్వాసుల సంఖ్య వ్రేళ్లపై లెక్కింపదగినదిగానే ఉండెను. అదే సంఘమువారికి బర్మాలో వేలకొలది అనుచరులు ఏర్పడిరి. పటము చూచినచో బర్మా పొడుగునను కేంద్రములను తెలుపు చుక్కలు కనబడెడివి. తెలుగునేలపై నెల్లూరు ఒక్కటియే. కావుననే ‘ఒంటరి నక్షత్రము’ అను పేరు వచ్చినది. ఈ కేంద్రమును మూసివేయుటయే మేలను చర్చ 1848లో, 1853లో, 1862లో మూడు పర్యాయములు జరిగెను. 1853లో ఆల్బనీ నగరమున జరిగిన సభా సందర్భమున శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అను కవి ఆ నక్షత్రమును ఆర్పవలదని ఒక గీతము వ్రాసెను. కేంద్రము నిలిచినది.

ఆ సంవత్సరము చివర నెల్లూరినుండి లైమన్ జ్యూయెట్ దంపతులు ఉత్తరముగా బోధనాయాత్రకు బయలుదేరిరి. వారితో క్రిస్టియన్ నరసు, జూలియా, రూతు అను మువ్వురు తెలుగువారుండిరి. 1854 జనవరి 1వ తేదీన సూర్యోదయ వేళకు ఈ అయిదుగురు ఒంగోలు కొండ నెక్కిరి. ఒంగోలునకు ఒక బోధకుని పంపుమని ఒకరి తరువాత ఒకరు ప్రార్థించిరి. క్రింద నాగజెముడు పొదలతో నిండిన మెట్టనేలను చూపి, మన బంగళాకు ఆ చోటు బాగుండునుగదా యని జ్యూయెట్ భార్యతో అనెనని చెప్పుదురు. దంపతులను గూర్చి గ్రంథములు విస్తరించి వ్రాసినవి. రూతు ఏమని ప్రార్థించినదో ఎవరును వ్రాసిపెట్టలేదు. ఆ తెలుగు ప్రార్థనలే మాకు వినవలెననిపించును.

వెంటనే ఏమియు జరుగలేదు. 1862 నాటికి జ్యూయెట్ ఆరోగ్యము చెడి అమెరికాకు చేరగా, అక్కడి పెద్దలు మరల మూసివేత మాట ఎత్తిరి. ఎవరు పంపకున్నను తాను తిరిగి పోయి తెలుగువారి నడుమనే ప్రాణము విడిచెదనని ఆయన పట్టుపట్టెను. అట్లయినచో మిమ్ము పాతిపెట్టుటకైనను ఒకరిని తోడు పంపవలెనని కార్యదర్శి హాస్యమాడెనట. ఆ తోడు వచ్చినవాడే జాన్ ఎవరెట్ క్లౌ. పూర్వాశ్రమమున భూములు కొలిచెడి సర్వేయరు. 1865లో మన దేశమునకు వచ్చి, మరుసటి ఏట ఒంగోలులో కాపురము పెట్టెను. కొండమీది ప్రార్థనకు పండ్రెండేండ్లు నిండినవి. 1867 జనవరి 1న ఒంగోలు సంఘము ఎనమండుగురితో ఏర్పడెను.

అయితే కోరినది కోరినట్లు లభించెనని మేము చెప్పజాలము. అగ్రవర్ణములవారు కొందరైనను తన బోధ విందురని క్లౌ తొలుత ఆశించెను. వారు మొదట వచ్చిరి కూడ. కాని తలకొండపాడు వాసియగు యర్రగుంట్ల పేరయ్య మొదలగు మాదిగలు సంఘమున చేరుట చూచి, ఆ వచ్చినవారు దూరముగా తొలగిరి. పేరయ్య తోళ్ల వర్తకమునకై ఏలూరు ప్రాంతమునకు పోయి అక్కడ క్రీస్తును గూర్చి వినినవాడు. అంతకు పూర్వమే యోగమార్గమున దేవుని వెదకినవాడు. అతని వెదకులాట కూడ ప్రార్థన కాదనుట కష్టము. ఎవరిని ఉంచుకొనవలెను, ఎవరిని పోనీయవలెను అను సంకటమున క్లౌ దంపతులు, వేరువేరు గదులలో, బైబిలు తెరచి చూడగా ఇరువురకును కొరింథీయులకు పౌలు వ్రాసిన మొదటి లేఖలో ఒకే భాగము కనబడెనని క్లౌ చెప్పుకొనెను. లోకము హీనులని త్రోసివేసినవారినే దేవుడు ఏర్పరచుకొనెనను భాగమది. అది యాదృచ్ఛికమందురా, అనుగ్రహమందురా, శ్రోతల ఇష్టము. మాదిగలను త్రోసివేయరాదని మాత్రము నిర్ణయమైనది.

తరువాత 1876 నుండి 1878 వరకు మహాక్షామము. ప్రజలకు కూలి చూపుటకై క్లౌ బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో మూడు నాలుగు మైళ్ల భాగమును కంట్రాక్టుకు పుచ్చుకొనెను. బోధకులే మేస్త్రీలు; విరామ సమయమున వారే కూలీలకు సువార్త చెప్పిరి. బాప్తిస్మమిమ్మని వేలమంది అడిగిరి. క్లౌ ఇయ్యలేదు. అన్నము కొరకు వచ్చిరను మాట రాకూడదని, క్షామద్రవ్యము పంచుట ముగియువరకు పదునైదు నెలలు ఆపెను. ఆ నిరాకరణమే ఈ ఉదంతమంతటిలో మేము ఎక్కువగా గౌరవించు ఘట్టము. ఏండ్ల తరబడి వేడినది చేతికందుచుండగా చేయి వెనుకకు తీయుట సామాన్యము కాదు.

పంపిణీ ముగిసినను జనము తొలగలేదు. ఒంగోలునకు ఉత్తరమున గుండ్లకమ్మ నది యొడ్డున వేలంపల్లి కడ 1878 జులై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మము పొందిరి. నీటిలో నిలిచిన వారు తెలుగు బోధకులే; ఇద్దరు అలసినపుడు మరి యిద్దరు దిగిరి. ఆ యేట చేరినవారు తొమ్మిది వేలకు పైబడిరి. క్షామమే వీరిని తెచ్చినదని విమర్శకులు అప్పుడే అనిరి. క్షామము కారణములలో ఒకటి యగుట నిజము; పేరయ్య వంటివారు పదేండ్లుగా పల్లెపల్లెకు నడచుటయు నిజమే. ప్రార్థనను తూచుటకు చరిత్రకారుని వద్ద త్రాసు లేదు. కొండమీది ఉదయమునకును గుండ్లకమ్మ నీటికిని నడుమ ఇరువదినాలుగున్నర ఏండ్లు గడచినవని మాత్రము అతడు లెక్క చెప్పగలడు.

మొదట వచ్చిన శామ్యూల్ డే ఇదేమియు చూడలేదు. ఆయన 1871లోనే అమెరికాలో మరణించెను. ఒంగోలు క్రైస్తవులు ఏటేట జనవరి 1న తెల్లవారకముందే ఆ కొండ నెక్కి, ఉదయకాంతి వచ్చువరకు ప్రార్థింతురు.